ఫొటో ప్రింటుకిచ్చే ముందు

మైపాడు బీచ్‌లో దిగిన ఫ్యామిలీ ఫొటోని నెల్లూరులో ప్రింట్ వేయించి హాల్లో పెట్టాం. చూస్తే పెదనాన్న నుదురు సగం లేదు! ఆ దెబ్బతో నేర్చుకున్నవి ఇవి.

- వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన ఫొటో ఇవ్వకండి, కుదించి ఉంటుంది. తీసినవాళ్లని డాక్యుమెంట్‌గా పంపమనండి. 8×12 అంగుళాల ప్రింటుకి 2400×3600 పిక్సెల్స్ ఉంటే టెన్షన్ లేదు.

- పెదనాన్న నుదురు సంగతి: పొడవు-వెడల్పుల నిష్పత్తి చూస్తే ఫోన్ ఫొటోలు ఎక్కువగా 4:3, మనం వేయించే 4×6 కాగితమేమో 3:2. అడ్డంగా తీసిన ఫొటోకి పైనో కిందో కోత తప్పదు. అది షాపువాళ్లకి వదిలేయకుండా మీరే క్రాప్ చేసి ఇవ్వండి.

- ఫోన్ స్క్రీన్ బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి ఫొటో చూడండి. ముఖాలు నల్లగా కనిపిస్తే ప్రింటులోనూ అంతే.

- కిటికీకి ఎదురు గోడకైతే మెరుపు లేని మ్యాట్ పేపరే. మెరిసే గ్లాసీ పేపర్ మీద మనుషుల కంటే కిటికీయే బాగా కనిపిస్తుంది.

- ఇంట్లో ఇంక్‌జెట్‌లో వేస్తే ఒకరోజు ఆరనిచ్చాకే ఫ్రేమ్ కట్టించండి. మనది సముద్రపు గాలి, చెమ్మ ఎక్కువ. అద్దానికీ ఫొటోకీ మధ్య మౌంట్ అట్ట లేకపోతే రెండూ అతుక్కుపోతాయి. లాగారా, బొమ్మ అద్దానికే వచ్చేస్తుంది.

- నేరుగా ఎండ పడే గోడ వద్దు, రంగు వెలుస్తుంది.

పెద్ద సైజుకి వెళ్లేముందు ఒక చిన్న ప్రింట్ వేయించి చూసుకోండి.