ఇంటి ఆవుకూ కిసాన్ క్రెడిట్ కార్డు: దరఖాస్తు ఎలా చేయాలి?

ఇంట్లోకి పోగా మిగిలిన పాలు కేంద్రంలో పోసే కుటుంబాలు కూడా, రైతులకు బ్యాంకు తక్కువ వడ్డీకి అప్పు ఇచ్చే కిసాన్ క్రెడిట్ కార్డుకు అర్హులే. మొదట్లో పంటలకే ఇచ్చిన ఈ కార్డును 2018-19 బడ్జెట్‌లో పాడికి, చేపల పెంపకానికి కూడా వర్తింపజేశారు. పొలం లేకపోయినా ఇబ్బంది లేదు. కొట్టం సొంతదైనా, అద్దెదైనా చెల్లుతుంది.

అయితే ఇది ఆవును కొనడానికి ఇచ్చే అప్పు కాదు. ఉన్న ఆవును మేపుకోవడానికి ఇచ్చేది. దాణా, తవుడు, చెక్క, గడ్డి, మందులు, కరెంటు, కూలి లాంటి ఖర్చులన్నీ ఇందులోకి వస్తాయి. కొత్త ఆవు కావాలంటే వాయిదాల్లో తీర్చే టర్మ్ లోన్ వేరే అడగాలి. చాలామంది ఇక్కడే పొరబడి, బ్యాంకు నుంచి ఉత్త చేతులతో తిరిగొస్తారు.

బ్యాంకుకు వెళ్లేముందు పశువైద్యశాలకు వెళ్లండి. ఆవు చెవికి 12 అంకెల ట్యాగ్ లేకపోతే వేయించుకోండి, దానికి డబ్బు కట్టక్కర్లేదు. ఆవు మీదేనని, దాని వయసు, ఎన్నో ఈత, రోజుకిచ్చే పాలు ఎంతో రాసి డాక్టరు సంతకం చేసిన కాగితం ఉంటే బ్యాంకులో సగం ప్రశ్నలు తగ్గుతాయి.

తర్వాత మీ పాల డబ్బు పడే బ్యాంకుకే వెళ్లడం మేలు. దరఖాస్తు ఒక్క పేజీయే. ఆధార్, పాన్, పాస్‌బుక్, ఫొటోలు, ట్యాగ్ నంబరు తీసుకెళ్లండి. పాల బిల్లులు అడగకపోయినా జతచేయండి, అప్పు ఎలా తీరుస్తారో మేనేజరుకు చెప్పేవి అవే. ఇప్పటికే పంట కార్డు ఉంటే కొత్తది అడగొద్దు, అందులోనే పాడి లిమిట్ కలపమనండి.

ఒక్కో ఆవుకు ఎంత అప్పు ఇవ్వాలో జిల్లా సాంకేతిక కమిటీ ఖరారు చేస్తుంది. ఆ అంకె బ్యాంకులో కనుక్కున్నాకే ఫారం నింపండి. 2025 జనవరి 1 నుంచి 2 లక్షల వరకు తాకట్టు అడగకూడదు కాబట్టి ఒకటి రెండు ఆవులవాళ్లకు ఆ టెన్షన్ లేనట్టే.

దరఖాస్తు ఇచ్చినట్టు రసీదు తప్పకుండా తీసుకోండి. కాగితాలన్నీ సరిగ్గా ఉంటే 14 రోజుల్లో తేల్చాలి. "మళ్లీ రండి" అని తిప్పుతుంటే బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకులపై ఫిర్యాదులు చూసే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. దాని వివరాలకు 14448 నంబరు ఉంది. రసీదు లేకపోతే ఈ దారులన్నీ కష్టమే.

వడ్డీ 7 శాతం. గడువులోగా, అంటే తీసుకున్న ఏడాదిలోపు కడితే 3 శాతం రాయితీ వచ్చి 4 శాతమే పడుతుంది. పాడికి ఈ రాయితీ 2 లక్షల వరకే. ఇక్కడ ఒక చిక్కుంది. ఆవు ఈనగానే డబ్బు తీసుకుంటే ఏడాది గడువు సరిగ్గా అది వట్టిపోయిన రోజుల్లో వచ్చి పడుతుంది. పాల బిల్లు ఉండదు, చూడి ఆవుకు దాణా మాత్రం పెట్టాల్సిందే. అందుకే పాలిచ్చే పది నెలల్లోనే ప్రతి బిల్లు నుంచి కొంత ఖాతాలో జమ చేస్తూ పోండి. వాడుకున్న మొత్తానికి, వాడుకున్న రోజులకే వడ్డీ లెక్క. వట్టి నెలల్లో అవసరమైతే లిమిట్‌లోపు మళ్లీ తీసుకోవచ్చు. కార్డు 5 ఏళ్లు చెల్లినా బ్యాంకు ఏటా ఖాతా చూస్తుంది, ఇలా నడిపినవాళ్లకు పొడిగింపులో పెద్దగా పేచీ ఉండదు.