ఒక కాలమ్‌ను విడగొట్టే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

బడులు తెరిచాక స్కాలర్‌షిప్ జాబితాలు సిద్ధం చేసే రోజుల్లో, విద్యార్థి పేరు, డోర్ నంబరు, పుట్టిన తేదీ, బ్యాంకు ఖాతా సంఖ్య అన్నీ ఒకే గడిలో కామాలతో కలిసిపోయి వచ్చే ఫైళ్లు చాలామంది ఉద్యోగుల ముందుకు వస్తుంటాయి. ఎక్సెల్‌లో ‘డేటా’ ట్యాబ్‌లో ఉన్న ‘టెక్స్ట్ టు కాలమ్స్’ వాటిని క్షణంలో విడగొడుతుంది. అయితే అది వివరాల చోటు మార్చడంతో ఆగదు. కొన్నిటి విలువనే మార్చివేస్తుంది, అలా మార్చినట్టు ఏ హెచ్చరికా చూపదు. పిల్లలకు చేరవలసిన డబ్బు ఈ జాబితాల మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి ‘ఫినిష్’ నొక్కకముందే జాగ్రత్త పడాలి.

మొదట షీటుకు నకలు తీసి, పని నకలులోనే చేయాలి. విడగొట్టిన ముక్కలు మామూలుగా పాత కాలమ్ ఉన్న చోటి నుంచే మొదలై కుడివైపు గడులను ఆక్రమిస్తాయి. అక్కడ ఇప్పటికే సమాచారం ఉంటే, దాన్ని తొలగించి కొత్తది పెట్టాలా అని ఎక్సెల్ అడుగుతుంది గాని, తొందరలో ‘ఓకే’ నొక్కితే ఉన్నది పోతుంది. అందువల్ల, మూడు దశల్లో సాగే ఈ పనిలో చివరిదైన మూడో దశలో, ముక్కలు ఎక్కడ పడాలో చెప్పే ‘డెస్టినేషన్’ వద్ద షీటు చివరనున్న ఖాళీ కాలమ్‌ను సూచించడం మేలు.

ప్రతి వరుసలో కామాలు సమానంగా ఉన్నాయో లేదో కూడా ముందే చూడాలి. చిరునామా మధ్యలో ఒక్క కామా ఎక్కువైనా ఆ వరుసలోని తేదీ ఖాతా సంఖ్య కాలమ్‌లోకి జరిగిపోతుంది. గడిలోని అక్షరాలను లెక్కించే లెన్, ఒక గుర్తు స్థానంలో మరొకటి పెట్టే సబ్‌స్టిట్యూట్ ఫార్ములాలతో కామాలను లెక్కించి, తేడా ఉన్న వరుసలను చేత్తో సరిదిద్దుకోవాలి. పేర్లను ఖాళీ ఆధారంగా విడగొట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం. మన పేర్లలో ఇంటిపేరు కొందరికి ముందు, కొందరికి చివర, కొందరికి ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది.

అసలు ప్రమాదం మూడో దశలో ఉంది. అక్కడ ప్రతి కాలమ్‌కూ ‘జనరల్’ అనే రకం ముందే ఎంపికై ఉంటుంది, దాన్ని అలాగే వదిలేస్తే తేదీలా కనిపించే ప్రతిదాన్నీ ఎక్సెల్ తేదీగా మార్చుకుంటుంది. మన ఊళ్లలో డోర్ నంబర్లు సరిగ్గా అలాగే ఉంటాయి: కంప్యూటర్ మన దేశపు తేదీ పద్ధతిలో ఉంటే 3-5-12 అనేది 2012 మే 3గా మారుతుంది, ఆ తర్వాత గడిని ‘టెక్స్ట్’గా మార్చినా పాత నంబరు తిరిగి రాదు, 41032 అనే అంకె కనిపిస్తుంది. 8-2-293 వంటివి తేదీ కాలేవు కనుక చెక్కుచెదరవు. కొన్ని మారి కొన్ని మారకపోవడం వల్లనే పైపైన చూసేవారికి తప్పు దొరకదు. జన్యువుల పేర్లు ఇలాగే తేదీలుగా మారిపోతున్నందున, 2020లో శాస్త్రవేత్తలు కొన్ని జన్యువుల పేర్లనే మార్చవలసి వచ్చింది.

ఖాతా సంఖ్యల నష్టం ఇంకా తీవ్రమైనది. ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెలను మాత్రమే నిలుపుకుంటుంది కాబట్టి, 16 అంకెల ఖాతా సంఖ్యలో చివరి అంకె సున్నా అయిపోతుంది. ముందున్న సున్నాలైతే ఎంత చిన్న సంఖ్యలోనైనా రాలిపోతాయి. 12 అంకెల ఆధార్ సంఖ్య విలువ చెడదు గాని, గడిలో ‘ఈ+11’ అన్న గుర్తుతో కుదించినట్టు కనిపిస్తుంది. కాబట్టి డోర్ నంబరు, ఖాతా, ఆధార్, ఫోన్ కాలమ్‌లను ఒక్కొక్కటిగా ఎంచుకుని ‘టెక్స్ట్’ అని మార్చాలి. పుట్టిన తేదీకి ‘డేట్’ ఎంచుకుని, పక్కన రోజు, నెల, సంవత్సరం వరుసను సూచించే ‘డీఎంవై’ పెట్టాలి. లేకపోతే కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉన్నప్పుడు జూన్ 4 కాస్తా ఏప్రిల్ 6 అవుతుంది.

గూగుల్ షీట్స్ మెనూలో ఈ రకాలను ఎంచుకునే దశ లేదు. అక్కడ విడగొట్టడానికి వాడే స్ప్లిట్ ఫార్ములా, ప్రత్యేకంగా చెబితే తప్ప, రెండు కామాల మధ్య ఖాళీని వదిలేసి తర్వాతి వివరాన్ని ముందుకు లాగుతుంది. ఖాతా సంఖ్యలున్న జాబితాను అక్కడ విడగొట్టవద్దు.

పని అయ్యాక ముక్కలను మళ్లీ కామాలతో కలిపి, అసలు కాలమ్‌తో పోల్చే ఫార్ములా ఒకటి పక్కన పెట్టాలి. తేదీ కాలమ్ ఎలాగూ తేడాగానే కనిపిస్తుంది కాబట్టి దాన్ని విడిగా చూసుకోవాలి. మిగతా వాటిలో ఎక్కడ తేడా వచ్చినా ఆ వరుస పాడైనట్టే. తర్వాత ఎక్సెల్‌ను పూర్తిగా మూసి తెరవాలి, ఎందుకంటే అప్పటివరకు అది కామాను గుర్తుంచుకుని, కొత్తగా అతికించిన పాఠ్యాన్ని కూడా అడగకుండానే విడగొడుతుంది.