పాత ఆయిల్ పెయింట్ తలుపులకు వాటర్ బేస్డ్ పెయింట్ వేయడం ఎలా?

ఆయిల్ పెయింట్ ఉన్న తలుపు మీద వాటర్ బేస్డ్ పెయింట్‌ను నేరుగా పూస్తే మొదట్లో బాగానే కనిపిస్తుంది. తర్వాత గోరు తగిలిన చోటల్లా పొరలుగా ఊడొస్తుంది. పాత పెయింట్ నున్నగా, గట్టిగా ఉండటంతో కొత్త పొరకు పట్టు దొరకదు. ఆ పట్టు కల్పించడమే ఇక్కడ అసలు పని. రంగు పూయడం సులువే.

ముందు పాత పెయింట్ ఏదో తేల్చుకోండి. దూదిని స్పిరిట్ (ఆల్కహాల్)లో ముంచి ఓ మూల గట్టిగా రుద్దండి. రంగు దూదికి అంటితే అది వాటర్ బేస్డే. ఏమీ అంటకపోతే ఆయిల్ పెయింట్ అనుకోవచ్చు.

ఇంకో జాగ్రత్త: చాలా పాత పెయింట్లలో సీసం ఉండవచ్చు. అనుమానం ఉంటే ముందే పరీక్ష చేయించండి. సీసం ఉన్న పెయింట్‌ను పొడిగా రుద్దకూడదు, మంటతో కాల్చకూడదు. ఆ దుమ్ము పిల్లలకు, గర్భిణులకు మరీ ప్రమాదం.

1. గడియలు, హ్యాండిళ్లు విప్పేయండి. విప్పలేని కబ్జాలకు మాస్కింగ్ టేప్ అంటించండి.

2. డిటర్జెంట్ నీళ్లతో కడిగి, మంచినీళ్లతో తుడిచి ఆరనివ్వండి. హ్యాండిల్ చుట్టూ చేతి జిడ్డు పేరుకుని ఉంటుంది, అక్కడ రెండోసారి కడగాలి. జిడ్డు పోకముందే ఉప్పు కాగితంతో రుద్దితే అది గీతల్లోకి ఇంకుతుంది.

3. 150 నంబరు ఉప్పు కాగితంతో మొదలుపెట్టి 220తో ముగించండి. పాత పెయింట్ మొత్తం తీసేయనక్కర్లేదు, మెరుపు పోయి మసకబారితే చాలు. లేచిన పెచ్చులను మాత్రం గీకి, అంచులు సమం చేయాలి. మిగిలిన దుమ్మును తడిగుడ్డతో తుడవండి.

4. నున్నటి తలాలకు పట్టే బాండింగ్ ప్రైమర్ ఒక కోటు వేయండి. గోడలకు వాడే మామూలు ప్రైమర్ ఇక్కడ పనికిరాదు. ప్రైమర్ మీద పసుపు, గోధుమ మరకలు తేలితే అవి చెక్కలోని సహజ రసాయనాలు. వాటిని షెల్లాక్ (లక్క) ప్రైమర్‌తో ఆపాలి, లేకపోతే పైన ఎన్ని కోట్లు వేసినా తేలుతూనే ఉంటాయి. ప్రైమర్ ఆరాక గుంటలకు లప్పం పెట్టి, రుద్ది, ఆ చోట మళ్లీ ప్రైమర్ తాకించండి.

ఇక్కడ ఆగి ఒక పరీక్ష చేయండి. బాగా ఆరిన ప్రైమర్ మీద బ్లేడుతో చిన్న గళ్లు గీసి, టేప్ గట్టిగా అంటించి ఒక్కసారిగా లాగండి. ప్రైమర్ టేప్‌తో వస్తే రంగు వేయకండి. దాన్ని గీకేసి, మళ్లీ రుద్దడం నుంచి మొదలుపెట్టండి.

5. వాటర్ బేస్డ్ ఎనామెల్ రెండు పలుచటి కోట్లు వేయండి. నైలాన్ లేదా పాలిస్టర్ బ్రష్ తీసుకోండి. సహజ వెంట్రుకల బ్రష్ నీటికి ఉబ్బి గీతలు పడేస్తుంది. ముందు లోపలి ప్యానెళ్లు, తర్వాత అడ్డపట్టీలు, చివరికి నిలువుపట్టీలు పూయండి. త్వరగా ఆరుతుంది కాబట్టి పూసిన చోటుకే పదేపదే బ్రష్ తిప్పితే గరుకుదేలుతుంది. ఎండ నేరుగా పడేవేళ వద్దు. రెండు కోట్ల మధ్య ఎంత వ్యవధి అవసరమో డబ్బా మీద చూడండి. 2.1 × 0.9 మీటర్ల తలుపుకు రెండు వైపులా రెండు కోట్లకు లీటరు సరిపోతుంది.

గంటల్లోనే ఆరినట్టు తోచినా పెయింట్ గట్టిపడటానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది. అప్పటిదాకా తలుపు గట్టిగా బిగించి మూస్తే ద్వారబంధానికి అతుక్కుపోయి, తెరిచినప్పుడు అంచుల్లో పెయింట్ చిరుగుతుంది. తలుపుకూ బంధానికీ మధ్య 2 మిల్లీమీటర్లన్నా సందు లేకపోతే, పెయింట్ వేయకముందే అంచును చిత్రిక పట్టించండి.