‘ధిక్కారం’ ఎప్పుడు రాయాలి, ఎప్పుడు రాయకూడదు

ఊరి వార్తలు రాసేవాళ్లూ, అర్జీలు రాసిపెట్టేవాళ్లూ, ఆఫీసులో మెమోలు తయారుచేసేవాళ్లూ ఎక్కువగా తడబడే మాట ఇది. గట్టిగా మాట్లాడిన ప్రతివాడికీ అంటగట్టేస్తుంటారు. రాసేముందు మూడు చూసుకోండి. ఆజ్ఞ ఇచ్చే అధికారం ఉన్నవాళ్లు ఒకరుండాలి. ఆ ఆజ్ఞ ఎదుటివాడికి తెలిసుండాలి. తెలిసీ బాహాటంగా కాదనాలి. ఏ ఒక్కటి లేకపోయినా వేరే మాట వెతుక్కోవాల్సిందే.

డెల్టా కాలువలకు వంతులవారీగా నీళ్లిస్తున్న రోజులనుకోండి. వంతు కాని రైతు అర్ధరాత్రి తూము తలుపు ఎత్తితే ఉల్లంఘన. పట్టపగలు, కాలువ చూసుకునే లస్కరు వద్దంటుండగానే ఎత్తితే ధిక్కారం. వంతు మారిన సంగతి తెలియక ఎత్తితే ఉత్త పొరపాటు. చివరి భూములకు నీరందలేదని రైతులంతా ఆఫీసు ముందు కూర్చుంటే నిరసన. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతుల పంట విరామమూ నిరసనే. సాగు చేసి తీరాలని వాళ్లకెవరూ ఆజ్ఞ ఇవ్వలేదు కదా.

గొంతు చూసి మోసపోకండి, గోదావరి జిల్లాల్లో మరీను. పన్ను అడిగినవాళ్లతో ‘ఆయ్, కట్టమండి. ఏం చేసుకుంటారో చేసుకోండి’ అన్నదాంట్లో మర్యాద ఎక్కడా తగ్గలేదు, అయినా నిఖార్సైన ధిక్కారం. కేకలేసి, సాయంత్రానికల్లా పన్ను కట్టేసినవాడిది దురుసుతనం. ‘పొగరు’, ‘తలబిరుసు’ పైవాళ్ల తీర్పులు. అవి వార్తలో రాస్తే మీరూ పైవాళ్ల పక్షం చేరినట్టే.

1907లో బిపిన్ చంద్రపాల్ వచ్చివెళ్లాక, రాజమండ్రిలో ప్రిన్సిపాల్ వద్దన్నా విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని తరగతులకు వెళ్లారు. అది ధిక్కారం; తిరుగుబాటు అంటే ఎక్కువ చెప్పినట్టు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి ఆయుధాలు పట్టుకుపోవడం తిరుగుబాటే. ఆ రోజుల్లో దాన్ని పితూరీ అన్నారు. 1879 నాటి రంప పోరాటానికీ అదే పేరు. ఇప్పుడు మాత్రం ‘పితూరీ చెప్పాడు’ అంటే పైవాళ్ల దగ్గర చాడీలు చెప్పాడనే అర్థం. చరిత్ర రాస్తున్నప్పుడు తప్ప దాన్ని తిరుగుబాటుకు వాడకండి.

వాక్యంలో పొసగడం దగ్గరా తప్పులు పడుతుంటాయి. ఆదేశాన్ని ధిక్కరిస్తారు, అధికారికి ఎదురుతిరుగుతారు, ప్రభుత్వంపై తిరుగుబాటు చేస్తారు. ‘అధికారిపై ధిక్కరించాడు’ అనేది తెలుగు కాదు. ‘ధిక్’ అనే ఛీత్కారం నుంచి వచ్చింది గనుక మొదటి అక్షరానికి ఒత్తు తప్పదు. ‘దిక్కారం’ అని రాస్తే దిక్కులు గుర్తొస్తాయి.

కోర్టు ధిక్కారం అనేటప్పుడు మరింత జాగ్రత్త. 1971 చట్టం ప్రకారం తీర్పును లేదా ఆదేశాన్ని ఉద్దేశపూర్వకంగా పాటించకపోవడం సివిల్ ధిక్కారం. తీర్పు తప్పని మర్యాదగా, సహేతుకంగా విమర్శించడం కోర్టు ధిక్కారం కిందికి రాదు. పిటిషన్ వేసినంత మాత్రాన ‘ధిక్కరించిన అధికారి’ అని రాసేయకూడదు. కోర్టు తేల్చేదాకా ‘ధిక్కరించారన్న ఆరోపణ’ అనే ఉండాలి.

మెమోలోనూ ‘ధిక్కార ధోరణి’ అని ఊరుకుంటే నిలవదు. ఏ ఆదేశం, ఏ తేదీన చేతికందింది, ఆ మనిషి ఏమన్నాడు, ఏం చేయలేదు – ఈ నాలుగూ రాయండి. అవి దొరక్కపోతే ‘ఆదేశం పాటించలేదు’ అంటే చాలు.