మూతపడిన గని ఊరి చరిత్రను రాసుకోవడం ఎలా?

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా వరోరాలో బొగ్గు గని 1906లో మూతపడింది. అలాంటి ఊరి చరిత్ర రాయదలచినవారు ముందుగా కాగితాల దగ్గరకు కాకుండా పెద్దల దగ్గరకు వెళ్ళాలి, ఎందుకంటే కాగితాలు మన కోసం వేచి ఉంటాయి కాని వారి జ్ఞాపకం వేచి ఉండదు. బల్లార్‌పూర్, రాజురా ప్రాంతాల్లోని తెలుగు కుటుంబాల్లో "తాత బాయి (గని) పని చేసేవాడు" అన్న మాట వినిపిస్తే అక్కడే కూర్చుని, ఏ షిఫ్టు, ఏ బాయి, ఏ ఊరి నుంచి వచ్చారు అని ఒక్కొక్కటిగా అడగండి. ఇనుప పెట్టె అడుగున అంచులు అరిగిన హాజరు బిళ్ళ కనిపిస్తే, దానిపై అంకెను పలకపై సుద్దతో రాసి పక్కన పెట్టి ఫోటో తీయండి. వస్తువును మాత్రం ఇంటివారి దగ్గరే ఉంచండి.

రాజురా 1956 వరకు ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది కనుక, ఆ కాలపు దస్త్రాలను హైదరాబాద్‌లోని తెలంగాణ రాష్ట్ర పురాభిలేఖాగారంలో వెదకడం అవసరం. వాటిలో ఉర్దూవి ఉంటాయి కాబట్టి చదవగలిగినవారిని వెంట తీసుకెళ్ళండి. 1973లో బొగ్గు గనుల జాతీయీకరణ జరిగింది కనుక, జ్ఞాపకాలను దానికి ముందువి, తరువాతివి అని వేరుచేసి రాసుకోండి. పాత బాయి నోటి దగ్గరకు, కుంగిన నేల మీదకు ఎట్టి పరిస్థితుల్లోనూ వెళ్ళకండి.