సన్‌స్క్రీన్ క్రీమ్ చెడిపోతోందా? ముందు ఫిల్టర్‌ని చూడండి

హైదరాబాద్‌లోని జీడిమెట్ల, చర్లపల్లి వైపు చిన్న యూనిట్లలో సన్‌స్క్రీన్ బ్యాచ్ పాడైతే మొదట తిట్లు పడేది ఎమల్సిఫైయర్‌కే (నూనెను, నీటిని విడిపోకుండా కలిపి ఉంచే పదార్థం). దాన్ని ఇంకాస్త పెంచుతారు. క్రీమ్ జిడ్డవుతుంది, సమస్య మాత్రం పోదు. మాయిశ్చరైజర్‌గా బాగున్న బేస్ సన్‌స్క్రీన్‌గా చెడిందంటే, కొత్తగా వేసిన యూవీ ఫిల్టర్లనే, అంటే ఎండలోని యూవీ కిరణాలను అడ్డుకునే పదార్థాలనే, ముందు అనుమానించాలి.

సమస్య: కొన్నాళ్లకు క్రీమ్ వేలికి గరగరలాడుతుంది.
కారణం: ఏవోబెంజోన్, ఇథైల్‌హెక్సిల్ ట్రయజోన్, బెమోట్రిజినాల్ పొడి రూపంలో ఉండే ఫిల్టర్లు. వేడి నూనెలో హాయిగా కరుగుతాయి. చల్లారాక, పాకంలో చక్కెర పేరుకున్నట్టు, స్ఫటికాలు కడతాయి. లిక్విడ్ పారఫిన్ లాంటి నూనెల్లో ఈ బెడద మరీ ఎక్కువ. స్ఫటికం కట్టిన ఫిల్టర్ చర్మం మీద సమంగా పరుచుకోదు కాబట్టి ఎస్‌పీఎఫ్ కూడా పడిపోతుంది.
పరిష్కారం: సీ12-15 ఆల్కైల్ బెంజోయేట్, డైబ్యూటైల్ అడిపేట్ లాంటి పోలార్ నూనెలు, అంటే నీటి స్వభావానికి కాస్త దగ్గరగా ఉండి ఈ ఫిల్టర్లను బాగా కరిగించేవి, వాడండి. ఆక్టోక్రిలీన్ అనే ద్రవ ఫిల్టర్ అయితే కరిగించడమే కాక, ఏవోబెంజోన్ ఎండకు విరిగిపోకుండా కాస్తుంది. ఆక్టినాక్సేట్ అనే మరో ద్రవ ఫిల్టర్ కూడా కరిగిస్తుంది కానీ ఎండలో అదీ ఏవోబెంజోనూ కలిసి పాడవుతాయి. ఆ జోడీ వద్దు. మన హైదరాబాద్‌లో మే ఎండల టెన్షన్‌తో అందరి దృష్టీ క్రీమ్‌ని 45 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి చూసే పరీక్ష మీదే ఉంటుంది. కానీ స్ఫటికాలు బయటపడేది చల్లదనంలో. బ్యాచ్ చేయకముందే నూనె భాగాన్ని విడిగా ఫ్రిజ్‌లో పెట్టండి. అందులో చిటికెడు ఫిల్టర్ పొడి వేస్తే, పేరుకునేదైతే త్వరగా బయటపడుతుంది.

సమస్య: క్రీమ్ నారింజ రంగుకు తిరుగుతుంది.
కారణం: ఏవోబెంజోన్‌కి ఇనుము తగిలింది. బోరు నీళ్లు, తుప్పు పట్టిన పాత్ర చూసుకోండి.
పరిష్కారం: డీఎం వాటర్ (లవణాలు తీసేసిన నీరు), 0.1 శాతం డైసోడియం ఈడీటీఏ (ఇనుము లాంటి లోహాలను పట్టి ఉంచేది), మంచి స్టీల్ పాత్ర.

సమస్య: జింక్ ఆక్సైడ్ వేసిన జెల్ క్రీమ్ పలచబడుతుంది, లేదా గడ్డలు కడుతుంది.
కారణం: పూత లేని జింక్ కొద్దికొద్దిగా అయాన్లు వదులుతుంది. అవి జెల్‌ని చిక్కబరిచే కార్బోమర్‌ని పట్టి చెడగొడతాయి. స్టియరిక్ ఆమ్లం ఉంటే జింక్ సబ్బు తయారవుతుంది. పీహెచ్ పెరిగిందని కొందరు సిట్రిక్ యాసిడ్ పోస్తారు. అది ఇంకా ప్రమాదం, ఆమ్లంలో జింక్ మరింత కరుగుతుంది.
పరిష్కారం: సిలేన్ పూత ఉన్న జింక్‌ని ముందుగా నూనెలో బాగా గ్రైండ్ చేసి కలపండి. కార్బోమర్ బదులు జాంతన్ గమ్ వాడండి. పీహెచ్ 7కి దిగువకు పోనివ్వకండి. నీటిలో కరిగే యూవీ ఫిల్టర్ ఎన్సులిజోల్‌కీ ఇదే జాగ్రత్త: అది లవణ రూపంలో ఉండి కార్బోమర్‌ని పలచన చేస్తుంది, పీహెచ్ పడిపోతే తనే స్ఫటికాలుగా దిగిపోతుంది.

సమస్య: పైన నూనె తేలుతుంది.
కారణం: ఎస్‌పీఎఫ్ 50 కోసం ద్రవ ఫిల్టర్లు భారీగా పోశారు. నూనె భాగం పోలారిటీ మారింది, పాత ఎమల్సిఫైయర్ దానికి సరిపోదు.
పరిష్కారం: ఇక్కడ మాత్రం తప్పు నిజంగానే ఎమల్సిఫైయర్‌ది. మోతాదు పెంచడం కాదు, రకం మార్చి హెచ్‌ఎల్‌బీ (ఎమల్సిఫైయర్ నీటివైపు ఎంత, నూనెవైపు ఎంత మొగ్గుతుందో చెప్పే అంకె) మళ్లీ సరిచూడాలి. ఫార్ములా ఇలా మార్చాక ఎస్‌పీఎఫ్ మళ్లీ కొలిపించండి, పాత రిపోర్టు అంకెను కొత్త ట్యూబ్ మీద వేయకండి.