పొడి కళ్ళు, 3వ పాఠం: నీళ్ళు కారుతుంటే పొడి ఎక్కడిది?

పోయిన పాఠంలో కన్నీటి పొర గురించి చూశాం: అడుగున జిగురు, మధ్యలో నీరు, పైన సన్నటి నూనె. ఇవాళ ఆ పొర దెబ్బతిన్నప్పుడు కనిపించే లక్షణాలు.

మంట, ఎరుపు, ఇసుక పడ్డట్టు గరగర. వీటిని ఎవరైనా పట్టేస్తారు. బోల్తా కొట్టించేది నీళ్ళు కారడం. నాకూ మొదట నమ్మబుద్ధి కాలేదు. నూనె పొర పలచబడితే కింది నీరు గబగబా ఆరిపోతుంది. ఆ చికాకుకి కన్నీటి గ్రంథి ఒక్కసారిగా నీళ్ళు వదులుతుంది. ఆ నీళ్ళు కంటి మీద నిలవవు, చెంప మీదికి జారిపోతాయి. కాసేపటికి మళ్ళీ మంట.

రెండో లక్షణం చూపులో ఉంటుంది. చదువుతుండగా అక్షరాలు అలుక్కుపోయాయా? రెండుసార్లు రెప్పలు పూర్తిగా మూసి తెరవండి. వెంటనే తేటపడితే కన్నీటి పొరను అనుమానించాలి. తేటపడకపోతే కళ్ళజోడు పవర్ మారిందేమో, ఇంకేదైనా కారణముందేమో చూపించుకోవాలి.

ఇంకో చిన్న పరీక్ష. ఒకసారి రెప్ప వేసి, తర్వాత వేయకుండా గడియారం చూడండి. 10 సెకన్లలోపే మంట పుడితే పొడిదనం ఉండొచ్చు. ఇది అనుమానానికే, నిర్ధారణకు కాదు. డాక్టరైతే కింది రెప్పలో కాగితం ముక్క పెట్టి, 5 నిమిషాల్లో ఎన్ని మిల్లీమీటర్లు తడిసిందో కొలుస్తారు.

దురదే ఎక్కువైతే అలర్జీ కావచ్చు. పసుపుపచ్చ పుసితో రెప్పలు అతుక్కుపోతే ఇన్ఫెక్షన్ అనుకోవాలి. పొడి కంట్లోనూ పుసి వస్తుంది గానీ, తెల్లగా దారంలా సాగుతుంది. నోరు కూడా ఎండిపోతూ కీళ్ళు నొప్పులుంటే ఆ సంగతి డాక్టరుకి తప్పక చెప్పండి. తీవ్రమైన నొప్పి, చూపు హఠాత్తుగా తగ్గడం, వెలుతురు భరించలేకపోవడం ఉంటే పాఠం పక్కన పెట్టి ఇవాళే వెళ్ళండి.

హోంవర్క్: వారం రోజులు మంట ఏ వేళకి వస్తోందో రాసి పెట్టండి. నిద్ర లేవగానే అయితే రెప్పలు సరిగా మూతపడటం లేదేమో, రెప్పల అంచులు వాచాయేమో. సాయంత్రానికి పెరిగితే స్క్రీన్ కారణం కావచ్చు. దాని ముందు కూర్చుంటే రెప్పలు వేయడం బాగా తగ్గిపోతుంది. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, 4వ పాఠం దానితోనే మొదలవుతుంది.